యూనివర్సిటీ గేటు ముందు షాపులు: థీసిస్ బైండింగ్, పోస్టర్, కాన్వకేషన్ డ్రెస్‌లలో ఏ పని ఎవరికివ్వాలి

ఉస్మానియా, ఆంధ్రా లాంటి పెద్ద యూనివర్సిటీల చుట్టూ నగరం ఉంటుంది. బైండింగ్‌కు ఒక షాపు నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి వెతుక్కోవచ్చు. కుప్పంలోని ద్రవిడ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన, నెల్లూరు విక్రమ సింహపురి, మహబూబ్‌నగర్ పాలమూరు లాంటి చిన్న యూనివర్సిటీల విద్యార్థికి ఆ వీలు తక్కువ. ఇలాంటి చోట్ల సాధారణంగా ఒకే జిరాక్స్ షాపు థీసిస్ ప్రింటు తీస్తుంది, బైండింగ్‌కు పంపుతుంది, రీసెర్చ్ డే పోస్టర్ ఆర్డరు పడుతుంది, కాన్వకేషన్ ముందు గౌన్లు అద్దెకు తెప్పిస్తుంది, చివరికి పట్టాకు ఫ్రేము కూడా కడుతుంది. ఇన్ని పనులు చేసే షాపుకు మొత్తంగా ఒకే మార్కు వేస్తే చదివేవాళ్లకు ఉపయోగం ఉండదు. అందుకే షాపుల పేర్లు పక్కన పెట్టి, ఒక్కో పనిని విడిగా అంచనా వేస్తున్నాం.

ముందుగా మా తీర్పు. నలుపు తెలుపు ప్రింటు, బైండింగ్ గేటు ముందు షాపుకే ఇవ్వండి. ఏడాది పొడుగునా అదే పని చేస్తారు కాబట్టి చెయ్యి తిరిగి ఉంటుంది. పోస్టర్‌కు మాత్రం దూరమైనా ప్లాటర్ (పెద్ద కాగితాల మీద ముద్రించే ప్రింటర్) ఉన్న చోటికి వెళ్లాలి. గౌను, కండువాల్లో ఏదో ఒకటి ఎంచుకునే వీలుంటే కండువా. ‘ప్లేజరిజం తగ్గిస్తాం’ (ఇతరుల రాతలతో పోలిక శాతాన్ని తగ్గిస్తాం) అనే బోర్డు ఉన్న చోట ఆ పని అసలే ఇవ్వొద్దు. మంచి షాపుకు మేం చూసే గుర్తు ఒకటుంది: ఫైలు తెరిచి, ఒక పేజీ తీసి, మీకు చూపించి, మీరు సరే అన్నాకే మిగతా పని మొదలుపెడతారు. పేజీకి పావలా ఎక్కువ తీసుకున్నా అలాంటి షాపే మేలు.

ఫైలు

షాపు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం మనం పట్టుకెళ్లే ఫైలే. పెన్‌డ్రైవ్‌లో వర్డ్ ఫైలు ఇవ్వొద్దు. మండలిలోనో, రామభద్రలోనో, ఎన్‌టీఆర్ ఫాంటులోనో టైపు చేసిన తెలుగు థీసిస్‌ను ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అది విండోస్‌లో ముందే ఉండే గౌతమికో నిర్మలకో మారిపోతుంది. అక్షరాల వెడల్పు మారుతుంది, పంక్తులు జరుగుతాయి, 212 పేజీల థీసిస్ 230 పేజీలవుతుంది. విషయసూచికలో వేసిన పేజీ నంబర్లు ఒక్కటీ సరిపోవు. పంక్తుల మధ్య ఎడం ‘ఎగ్జాక్ట్లీ’ అని పెట్టి ఉంటే మరో తంటా: కింద ఒత్తులు, పైన గుడి దీర్ఘాలు తెగిపోతాయి. తెలుగుకు ‘మల్టిపుల్’ పెట్టి 1.5 ఇవ్వడం క్షేమం. తర్వాత పీడీఎఫ్ చేసి, డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ‘ఫాంట్స్’ తెరిచి ప్రతి ఫాంటు పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉందో లేదో చూసుకోండి. ఒక్కదానికి లేకపోయినా ఆ ఫాంటులో ఉన్న ముక్క షాపులో చెడే అవకాశం ఉంది.

డీటీపీ వాళ్ల దగ్గర యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేయించే అలవాటు తెలుగు శాఖల్లో ఇంకా ఉంది. కాగితం మీద ఆ అక్షరం అందంగానే ఉంటుంది, ఒత్తుల అమరికకు వంక పెట్టలేం. చిక్కు తర్వాత వస్తుంది. ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు రాదు, పొంతన లేని రోమన్ గుర్తులు వస్తాయి. అంటే దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఉంచే ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో పెట్టాక కూడా మీ థీసిస్‌లోని మాట ఎవరు వెతికినా దొరకదు. ఇతరుల రాతలతో పోలిక చూసే సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చదవలేదు. అప్పుడు వచ్చే సున్నా శాతానికి విలువ లేదు, సాఫ్ట్‌వేర్ చదవలేకపోయిందని మాత్రమే దాని అర్థం. అను నుంచి యూనికోడ్‌కు (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షరాల పద్ధతికి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వట్రసుడి, క్రావడి, రెండు ఒత్తులున్న సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. మార్చాక మొదటి పేజీ నుంచి ప్రూఫు చదవక తప్పదు. మూడేళ్లు నాలుగేళ్లు కష్టపడి రాసిన పరిశోధన రేపు ఇంకొకరికి దొరకాలంటే మొదటి అధ్యాయం నుంచే యూనికోడ్‌లో టైపు చేయడం ఒక్కటే దారి.

ప్రింటు, బైండింగ్

చిత్తుప్రతులకు 70 లేదా 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మామూలు కాగితం చాలు. ఫైనల్ కాపీకి 85 నుంచి 100 జీఎస్ఎం ఎగ్జిక్యూటివ్ బాండ్ అడగండి. దానికి వాటర్‌మార్క్ ఉంటుంది, వెలుతురుకు పట్టి చూస్తే అక్షరాలు నేరుగా చదవడానికి వచ్చే వైపు ముఖం. ట్రేలో తిరగేసి పెడితే వాటర్‌మార్క్ తలకిందులుగా పడుతుంది. అది పట్టించుకోనవసరం లేని లోపం. పట్టించుకోవాల్సింది టోనర్ (ప్రింటర్‌లోని నల్లపొడి) రాలడం. బాండ్ కాగితం మందంగా, కాస్త గరుకుగా ఉంటుంది. ప్రింటర్‌లో కాగితం రకం ‘ప్లెయిన్’ అనే ఉంచేస్తే ఫ్యూజర్ వేడి చాలక పొడి గట్టిగా అతుక్కోదు. మొదటి పేజీ రాగానే గోటితో గీకి, ఒక మూల మడిచి విప్పి చూడండి. మడత మీద నలుపు రాలితే సెట్టింగ్ ‘థిక్’ లేదా ‘బాండ్’కు మార్చి మళ్లీ తీయమనాలి. దీన్ని చూడకుండా ఐదు కాపీలు తీయించుకుంటే రెండేళ్లకే ఎదురెదురు పేజీలు మసకబారతాయి.

మార్జిన్లు మీ యూనివర్సిటీ సర్క్యులర్‌లో ఉన్నట్టే పెట్టాలి. మామూలుగా బైండింగ్ వైపు ఒకటిన్నర అంగుళం, మిగతా మూడు వైపులా ఒక అంగుళం. రెండు వైపులా ప్రింటు తీసేటప్పుడు ‘మిర్రర్ మార్జిన్స్’ పెట్టకపోతే సరి సంఖ్య పేజీల్లో వెడల్పాటి మార్జిన్ బయటికి వెళ్లిపోయి, పంక్తుల చివరి అక్షరాలు కుట్టుకు ఆనుకుంటాయి. పక్కకుట్టు ఒక్కటే సెంటీమీటరు దాకా మింగుతుంది. పేజీ నంబరు మరీ కిందికి పెట్టొద్దు. బైండింగ్ అయ్యాక మూడు వైపులా కటింగ్ చేస్తారు, ఒక్కో వైపు 3 నుంచి 5 మిల్లీమీటర్లు పోతుంది. నంబరు అంచు నుంచి కనీసం 15 మిల్లీమీటర్ల లోపల ఉంటే భయం లేదు.

రంగు పేజీల దగ్గర డబ్బు వృథా అవుతుంది. మొత్తం ఫైలు కలర్ ప్రింటర్‌కు పంపితే నల్ల అక్షరాల పేజీలకూ కలర్ రేటు పడే ప్రమాదం ఉంది. ఏయే పేజీలు రంగులో కావాలో ఒక చీటీ మీద రాసివ్వండి. అయితే పేజీ అడుగున ముద్రించిన నంబరు రాయొద్దు. ముందు రోమన్ అంకెల పేజీలు 14 ఉంటే థీసిస్‌లోని 37వ పేజీ పీడీఎఫ్‌లో 51వది. షాపువాళ్లు పీడీఎఫ్ లెక్కే చూస్తారు. ఈ తేడా వల్ల మ్యాపు నలుపులో, దాని పక్కనున్న ఉత్త అక్షరాల పేజీ రంగులో రావడం ప్రతి సీజన్‌లోనూ జరిగేదే. గ్రాఫుల్లో గీతలకు రంగులతోపాటు చుక్కలు, గీతలు, చతురస్రాలు కూడా వాడి ఉంటే నలుపు ప్రింటులోనూ అర్థమవుతాయి. అప్పుడు నిజంగా రంగు అవసరమయ్యేవి ఫొటోలు, మ్యాపులే.

ఇక అట్ట. పరీక్షకులకు పంపే కాపీలకు సాఫ్ట్ బైండింగ్ ఒప్పుకుంటారో లేదో ముందు పరీక్షల విభాగంలో అడగండి. ఒప్పుకుంటే వైవా అయి సవరణలు పూర్తయ్యేదాకా హార్డ్ బైండింగ్ జోలికి పోవద్దు. ఒకసారి కుట్టిన థీసిస్‌లో ఒక్క పేజీ మార్చాలన్నా అట్ట మొత్తం విప్పాలి, మళ్లీ కటింగ్ పడి మార్జిన్ ఇంకా తగ్గుతుంది. డిక్లరేషన్, సర్టిఫికెట్ పేజీల మీద సంతకాలు, సీళ్లు విడి కాగితాలుగా ఉన్నప్పుడే పూర్తిచేయించుకోండి. లావుపాటి పుస్తకంలో మొదటి పేజీల మీద సీలు వంకర లేకుండా పడదు.

బైండర్ల పనితనానికి మేం మనస్ఫూర్తిగా మంచి మార్కు ఇస్తున్నాం. ఈ పని తెలిసిన బైండరు పేజీలను దట్టించి సమం చేస్తాడు, పక్కన రంధ్రాలు వేసి దారంతో కుడతాడు, ముందూ వెనకా అస్తరు కాగితం అతికిస్తాడు, అట్ట మీద రెక్సినో కాలికోనో తొడిగి బరువు కింద పెడతాడు. మైదా పేస్టులో మైలుతుత్తం కలిపే పాత పద్ధతి పాటించే చోట పుస్తకానికి పురుగు త్వరగా పట్టదు. కుట్టు లేకుండా వట్టి గమ్ముతో అతికిస్తే 300 పేజీల థీసిస్ నాలుగుసార్లు తెరిచేసరికి మధ్యలో విరుగుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే ‘కుట్టు బైండింగేనా’ అని అడగాలి.

తొందరపెడితే చెడేది ఆరబెట్టడం దగ్గర. పేస్టులోని తడికి కాగితం, గుడ్డ సాగుతాయి, ఆరేటప్పుడు ముడుచుకుంటాయి. ఆ సమయంలో ప్రెస్సు కిందో బరువు కిందో ఒక రాత్రి ఉంటే అట్ట చదునుగా నిలుస్తుంది. సాయంత్రం ఇచ్చి పొద్దున్నే పట్టుకుపోతే రెండు రోజుల్లో అట్ట విల్లులా వంగుతుంది, తర్వాత ఎంత బరువు పెట్టినా పూర్తిగా తిరిగి రాదు. వర్షాకాలంలో రెండు రాత్రులు ఇవ్వండి. బంగారు అక్షరాలకూ ఇదే తొందర శత్రువు. అచ్చు తగినంత వేడెక్కకుండా ఫాయిల్ నొక్కితే అక్షరం అంచులు పొట్టులా లేస్తాయి. తీసుకునేటప్పుడు పొడి గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి, రాలిపోయేదైతే అక్కడే రాలుతుంది.

తెలుగులో అట్ట ముద్ర కావాలంటే ఇంకో జాగ్రత్త. ఇంగ్లీషు అచ్చులు షాపులో సిద్ధంగా ఉంటాయి, తెలుగుకు విడిగా బ్లాకు చేయించాలి. దానికి రోజులు పడతాయి. బ్లాకు చేయించే ముందు తీసే కాగితపు ప్రూఫు మీద శీర్షిక అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టండి. స్పైన్ (పుస్తకం వీపు) మీద ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు: 75 జీఎస్ఎం కాగితాలు వంద కలిస్తే సుమారు ఒక సెంటీమీటరు, బాండ్ అయితే ఇంకాస్త ఎక్కువ. 250 పేజీలు ఒకవైపు ప్రింటైతే మూడు సెంటీమీటర్ల లావు, రెండు వైపులా అయితే అందులో సగం. సన్నని స్పైన్ మీద పేరు, డిగ్రీ, సంవత్సరం చాలు. పూర్తి శీర్షిక ఇరికిస్తే ఏదీ చదవడానికి రాదు.

యూజీ, పీజీ ప్రాజెక్టు రిపోర్టులకు శాఖ గట్టిగా అడిగితే తప్ప హార్డ్ బైండింగ్ అనవసరపు ఖర్చు. స్పైరల్ చాలు.

సాఫ్ట్ కాపీ గురించి ఒక మాట. 2009 యూజీసీ నిబంధనల నుంచి పీహెచ్‌డీ థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వడం తప్పనిసరి, అది యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగలోకి వెళ్తుంది. అక్కడ థీసిస్ ఒకే ముద్దగా ఇవ్వకూడదు. శీర్షిక పేజీ, సర్టిఫికెట్, ఒక్కో అధ్యాయం విడివిడి పీడీఎఫ్‌లుగా, పేరు ముందు 01, 02 అని వరుస అంకెలతో ఉండాలి. ముగింపు అధ్యాయంతో చేసే 80_రికమెండేషన్ ఫైలును చాలామంది మరిచిపోతారు. కొన్ని షాపులు ప్రింటు కాపీని స్కాన్ చేసి సీడీలో వేసి ఇస్తాయి. అది బొమ్మే తప్ప అక్షరాలున్న పీడీఎఫ్ కాదు, ఒప్పుకోవద్దు. సంతకాలున్న పేజీలు మాత్రమే స్కాన్ చేయించి, మిగతావి మీ అసలు ఫైలు నుంచే చేసుకోండి.

పోస్టర్

గేటు ముందు షాపు మీద మా అసంతృప్తి అంతా ఇక్కడే. చాలాచోట్ల ఆర్డరు తీసుకుని ఊళ్లోని ఫ్లెక్సీ ప్రింటరుకు పంపుతారు. ఫ్లెక్సీ మెషీను ఇరవై అడుగుల దూరం నుంచి చూసే బొమ్మ కోసం తయారైంది. మూడడుగుల దూరంలో నిలబడి చదివే పరిశోధన పోస్టర్‌కు అది పనికిరాదు. పటం కింది చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి, హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుకు మెరిసి సగం కనబడదు, చుట్టి తెస్తే మడతలు పోవు. తప్పనిసరై ఫ్లెక్సీయే వేయించాలంటే మామూలు ఫ్లెక్సీ వద్దని, స్టార్ ఫ్లెక్సీ కావాలని చెప్పండి. నేత బిగువుగా ఉండి అక్షరం కొంత నయంగా వస్తుంది. మూలలకు రింగులు కొట్టొద్దని కూడా చెప్పాలి. చెప్పకపోతే అలవాటుగా కొట్టేస్తారు, ఆ రంధ్రం రచయితల పేర్ల మీద పడుతుంది.

ఇంజనీరింగ్ డ్రాయింగులు, ఇళ్ల ప్లాన్లు తీసే షాపులో 24, 36 లేదా 44 అంగుళాల ప్లాటర్ ఉంటుంది. జిల్లా కేంద్రంలో అలాంటిది వెతికితే దొరుకుతుంది. మైక్రోస్కోపు ఫొటోలు, మ్యాపులు ఉన్న పోస్టర్‌కు అక్కడ ఫొటో పేపర్ మీద తీయించడాన్ని మించింది లేదు. గ్లాసీ కన్నా మ్యాట్ మేలు. సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) మీద అతికిస్తే నిటారుగా నిలుస్తుంది కానీ బస్సులో పట్టుకెళ్లడం కష్టం, కాబట్టి అది సొంత క్యాంపస్‌లో ప్రదర్శనకే. వేరే ఊరి సదస్సుకు పాలిస్టర్ గుడ్డ మీద వేసే ప్రింటు సౌకర్యం, మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. లేత రంగులు కాస్త వెలవెలబోతాయి, అందుకే నేపథ్యం తెల్లగానే ఉంచాలి. ఈ గుడ్డ ప్రింటు చిన్న ఊళ్లలో దొరకడం అరుదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఎవరు దగ్గరైతే వాళ్లకు ఫైలు పంపి కొరియర్‌లో తెప్పించుకోవాలి. ప్రదర్శనకు కనీసం వారం ముందు ఆర్డరు ఇవ్వండి.

కొలతల సంగతి డిజైను మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఏ0 అంటే 841 × 1189 మిల్లీమీటర్లు, ఏ1 అంటే 594 × 841. ప్రింటర్లు చదరపు అడుగుల్లో లెక్కేస్తారు కాబట్టి ఏ0కి కూడా 3 × 4 అడుగుల, అంటే 12 చదరపు అడుగుల డబ్బే తీసుకుంటారు. నిర్వాహకులు ఫలానా సైజే అని చెప్పకపోతే 36 × 48 అంగుళాలకే డిజైను చేసుకుంటే అదే ఖర్చుకు ఎక్కువ చోటు వస్తుంది. పవర్‌పాయింట్‌లో మామూలు స్లయిడు మీద అంతా పేర్చి, ఆఖర్న సైజు మారిస్తే పటాలు సాగిపోయి వృత్తాలు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి. ముందే పేజ్ సెటప్‌లో కొలత ఇచ్చి మొదలుపెట్టండి.

శీర్షిక 85 పాయింట్లకు తగ్గకుండా, ఉపశీర్షికలు 40 దగ్గర్లో, లోపలి వాక్యాలు 24 నుంచి 28. తెలుగుకు ప్రతిచోటా ఇంకో రెండు మూడు పాయింట్లు కలపండి, ఒత్తులు స్పష్టంగా కనబడాలి. సరిచూసుకోవడానికి సులువైన దారి ఉంది: ఏ0 పోస్టర్‌ను ఏ4 కాగితం మీదికి కుదించి ప్రింటు తీయండి. పొడుగూ వెడల్పూ సరిగ్గా నాలుగో వంతవుతాయి, 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లకు దిగుతుంది. చేతిలో పట్టుకుని ఇబ్బంది లేకుండా చదవగలిగితే గోడ మీద మీటరు దూరం నుంచి కూడా చదవగలరు. అక్కడ కష్టపడితే మాటలు తగ్గించాల్సిందే.

ఫొటోలు వేసే సైజులో అంగుళానికి 150 పిక్సెళ్లు ఉంటే సరిపోతుంది. 8 అంగుళాల వెడల్పు పటానికి 1200 పిక్సెళ్లు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. తెరమీద మెరిసే నీలం కాగితం మీద ఊదాకు జరుగుతుంది, ఫ్లోరొసెంట్ ఆకుపచ్చ మసకేస్తుంది. ఇంకు రంగులు తెర రంగులన్నిటినీ పట్టలేవు, ఇందులో షాపు తప్పేమీ లేదు. ముఖ్యమైన ఒక పటాన్ని ముందు ఏ4లో అదే మెషీను మీద తీయించి చూసుకోండి. క్యూఆర్ కోడ్ పెడితే మూడు సెంటీమీటర్లకు తగ్గించొద్దు, ప్రింటు చేతికి రాగానే ఫోనుతో స్కాన్ చేసి చూడండి.

తెలుగు పోస్టర్‌కు ఇంకొక ప్రమాదం. ఫ్లెక్సీ షాపుల్లో మీ పీడీఎఫ్ పక్కన పెట్టి శీర్షికను అను ఫాంటులో మళ్లీ టైపు చేసే అలవాటు ఉంది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ ఒత్తులు విడిపోతాయి కాబట్టి వాళ్లకు అదే సులువు. మళ్లీ టైపు చేసినప్పుడే ‘పరిశోధన’ ‘పరిశొధన’ అవుతుంది. ‘పీడీఎఫ్ ఉన్నది ఉన్నట్టు వేయన్నా, ఏమీ మార్చొద్దు’ అని ముందే చెప్పాలి. ఇంకా అనుమానం ఉంటే శీర్షికను బొమ్మగా మార్చి ఇవ్వండి. మెమెంటోలు, షీల్డుల మీద పేర్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ప్లేజరిజం రిపోర్టులు

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వకుండా ఆపుతారు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఉటంకింపులు, ఉపయుక్త గ్రంథాల పట్టిక, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. ఈ అంకెల భయాన్ని అడ్డం పెట్టుకుని కొన్ని షాపులు రిపోర్టులు అమ్ముతున్నాయి. వీటికి మేం ఒక్క మార్కు కూడా వేయలేం.

కారణం నైతికం మాత్రమే కాదు. సిమిలారిటీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరి ఖాతాలోనో మీ థీసిస్ అప్‌లోడ్ చేసేటప్పుడు ‘రిపాజిటరీలో దాచొద్దు’ అనేది ఎంచుకోకపోతే అది అక్కడే నిలిచిపోతుంది. తర్వాత యూనివర్సిటీ లైబ్రరీ చెక్ చేసినప్పుడు మీ థీసిస్ మీ థీసిస్‌తోనే పోలి నూటికి తొంభై పైన చూపించవచ్చు. అది మీదేనని నిరూపించుకోవడానికి తిరిగే తిప్పలు ఎవరికీ వద్దు. ‘తగ్గిస్తాం’ అనేవాళ్లు చేసేది ఇంకా హాని. మాటల స్థానంలో పర్యాయపదాలు గుచ్చి వాక్యాన్ని అర్థం లేకుండా చేస్తారు, లేదా కనబడని గుర్తులు చొప్పిస్తారు. శోధ్‌శుద్ధి పథకం కింద 2019 నుంచి యూనివర్సిటీలకు ఈ సాఫ్ట్‌వేర్ అందుతోంది. లైబ్రరీలోనే, గైడు ద్వారానే చేయించుకోండి. శాతం ఎక్కువ వచ్చిన చోట ఆ భాగాన్ని మీ మాటల్లో మళ్లీ రాసి, ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పండి.

గౌను, కండువా

చేనేత వస్త్రాలతో కాన్వకేషన్ దుస్తులు చేయించమని యూజీసీ యూనివర్సిటీలను కోరింది. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా తన కింద ఉన్న వైద్య విద్యాసంస్థలను నల్ల గౌను, టోపీ పద్ధతి వదిలి స్థానిక సంప్రదాయానికి తగిన దుస్తులు రూపొందించుకోమంది. మంగళగిరి, పోచంపల్లి, వెంకటగిరి, పొందూరు ఉన్న మనకు ఇది కష్టమైన పని కాదు. తెల్లని దుస్తుల మీద చేనేత కండువా వేసుకున్న పట్టభద్రుల వరస చూడముచ్చటగా ఉంటుంది, ఆ డబ్బు మగ్గం మీద పనిచేసేవాళ్లకు చేరుతుంది.

అయితే యూనివర్సిటీ టెండరులో ‘కండువా’ అని మాత్రమే రాస్తే శాటిన్ పాలిస్టర్ వస్తుంది. అది భుజం మీద నిలవదు, వేదిక ఎక్కేలోపు రెండుసార్లు జారుతుంది. నూలు కండువా, రెండు మీటర్ల పొడుగు, నేతలోనే వచ్చిన అంచు అని స్పష్టంగా రాయాలి. శాఖను బట్టి అంచు రంగు మారిస్తే గుర్తుపట్టడమూ తేలిక. మంగళగిరి నూలుకు నిజాం అంచు ఉన్న రకం దీనికి బాగా నప్పుతుంది. ఇక్కత్ అని ఇచ్చినప్పుడు వెనక్కి తిప్పి చూడండి. దారానికే రంగు అద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. వెనకవైపు వెలిసినట్టు ఉంటే అది ప్రింటు. చేనేత సహకార సంస్థ ఆప్కో ద్వారాగానీ సహకార సంఘం నుంచి నేరుగాగానీ తెప్పించుకోవచ్చు. పండగల ముందు మగ్గాలకు తీరిక ఉండదు కాబట్టి రెండు మూడు నెలల ముందే ఆర్డరు వెళ్లాలి. ఆలస్యం చేసిన చోటే ఆఖరి నిమిషంలో శాటిన్ కొంటారు.

మీ యూనివర్సిటీలో ఇంకా గౌనే అయితే అద్దెది సరిపోతుంది, కొనొద్దు. తీసుకునేటప్పుడు మెడ దగ్గర హుక్కు, చంక కుట్లు, మీ ఫ్యాకల్టీకి చెప్పిన హుడ్ (గౌను మీద మెడ నుంచి వీపు మీదికి వేలాడే గుడ్డ) రంగు చూసుకోండి. పొడుగు మడమలకు పైనే ఉండాలి, మెట్ల మీద తొక్కి పడిపోయే ప్రమాదం ఉంది. హుడ్ బరువంతా వీపు మీద ఉండి ముందు భాగం గొంతుకు బిగుస్తుంది. గుండీల చొక్కా వేసుకుంటే హుడ్ ముందున్న చిన్న ఉచ్చును గుండీకి తగిలించవచ్చు. చీర కట్టుకున్నవాళ్లు రెండు భుజాల దగ్గర పిన్నీసులు పెట్టుకోవాలి, పెద్దవి నాలుగు దగ్గర ఉంచుకోండి. డిపాజిట్‌కు రసీదు తీసుకుని, తిరిగి ఇవ్వాల్సిన తేదీతోపాటు సమయం కూడా రాయించుకోండి. అసలు గొడవలన్నీ ఆ సాయంత్రం ‘ఆరుకా, ఎనిమిదికా’ అన్న దగ్గరే.

గ్రూపు ఫొటో ఫొటోగ్రాఫర్లు బాగానే తీస్తారు. ప్రింటుతోపాటు ఒరిజినల్ ఫైలు కూడా ఇస్తారా అని ముందే అడగండి.

పట్టా చేతికొచ్చాక

గేటు ముందు షాపులు చేసే పనుల్లో అన్నిటికన్నా హాని చేసేది లామినేషన్. రెండు నిమిషాల్లో చేసి ఇస్తారు, చూడటానికి భద్రంగానే అనిపిస్తుంది. కానీ విదేశాలకు వెళ్లాలంటే పట్టా నిజమైనదేనని ధ్రువీకరించే అటెస్టేషన్, అపోస్టిల్ ముద్రలు దాని వెనకే వేస్తారు, ప్లాస్టిక్ మీద అవి పడవు. లామినేషన్ తీయబోతే అక్షరాలు దానితో లేచి వస్తాయి. ఒరిజినల్ డిగ్రీని, మార్కుల మెమోలను, టీసీని ఎవరు అడిగినా లామినేట్ చేయనివ్వొద్దు. యాసిడ్-ఫ్రీ ఫోల్డర్ దొరికితే మంచిది, లేకపోతే మందమైన క్లియర్ ఫోల్డర్ చాలు.

కాన్వకేషన్ దరఖాస్తు నింపేటప్పుడే పేరు సరిచూసుకోవాలి. మనవాళ్లకు ఇంటిపేరు దగ్గర చిక్కు: పదో తరగతి మెమోలో ‘కె.’ అని, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర. డిగ్రీ మీద పేరు సాధారణంగా పదో తరగతి మెమో ప్రకారమే వస్తుంది. తెలుగులో కూడా ముద్రించే చోట తెలుగు స్పెల్లింగు మీరే రాసివ్వండి, ఇంగ్లీషు నుంచి గుమాస్తా ఊహించి రాస్తే ‘వరుణ్’, ‘వారుణ్’ రెండూ సాధ్యమే. డిజిలాకర్‌లో పట్టా రావాలంటే యూనివర్సిటీ రికార్డులోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి. కలవకపోతే పట్టా అచ్చయ్యాక దిద్దించడం కన్నా ముందు ఆధార్ సరిచేసుకోవడం సులువు. అమెరికా, కెనడా దరఖాస్తులకు ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీయే సీలు చేసిన కవర్లలో ఇవ్వాల్సి రావచ్చు. ఎన్ని కావాలో లెక్కేసి ఒకటి రెండు ఎక్కువే, అదే విడతలో అడగండి. చిన్న యూనివర్సిటీలో ఆ సెక్షన్‌లో ఒకరిద్దరే ఉంటారు, కాన్వకేషన్ తర్వాతి నెలంతా రద్దీ ఉంటుంది.

ఫ్రేము కావాలంటే షాపులో చేయించుకోవచ్చు, పని బాగుంటుంది. పట్టాను అట్టకు గమ్ముతో అతికించవద్దని, వెనక స్క్రూలతో తెరిచే ఫ్రేము కావాలని, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు బోర్డు పెట్టమని చెప్పండి. మౌంటు లేకపోతే వానాకాలపు చెమ్మకు కాగితం అద్దానికి అంటుకుపోతుంది. ఇంకా మేలైన పని, మంచి కలర్ జిరాక్స్ తీయించి దాన్నే ఫ్రేములో పెట్టించడం.